పూర్వాపరాలు తెలియని ఇత్తడి

తుపాకీ తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందుకు దూసుకుపోయే గుండు, దానిని తోసే మందు, ఆ మందును అంటించే ప్రైమర్ అనే చిన్న గుళిక, ఈ మూడింటినీ ఒకచోట పట్టి ఉంచే లోహపు తొడుగు. కాల్పు జరిగాక మొదటి మూడూ ఖర్చైపోగా తొడుగు మాత్రం మిగిలి బయట పడుతుంది. దానిని శుభ్రపరచి, తిరిగి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మళ్ళీ వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికా, కెనడా, ఫిన్లాండ్, స్వీడన్ వంటి దేశాల్లో గురి పోటీలకు, వేటకు తుపాకీ వాడేవారిలో చాలామంది ఈ పని ఇళ్ళలోనే చేసుకుంటారు, ఎందుకంటే కొత్త తూటా ఖరీదులో తొడుగు వాటా తక్కువేమీ కాదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే తూటాల తయారీ నేరం కనుక, ఇక్కడ అది గృహవ్యాపకం కాజాలదు. అయితే ఆ తొడుగుకు మూలమైన ఇత్తడి గురించి లోకం నేర్చుకున్న ఒక పెద్ద పాఠం మాత్రం భారతదేశపు వర్షాకాలంలోనే పుట్టింది.

తొడుగు కోసం వాడే ఇత్తడిలో నూటికి డెబ్భై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు తుత్తునాగం, అంటే జింకు, ఉంటాయి. ఈ పాళ్ళు ఊరికే కుదిరినవి కావు. రాగి మరీ మెత్తన, ఒకసారి సాగితే సాగినట్టే ఉండిపోతుంది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ వద్ద అమెరికా అశ్వికదళం వాడిన కార్బైన్ల తూటాలకు రాగి తొడుగులే ఉండేవి. అవి వేడెక్కిన తుపాకీలో, తూటా కూర్చునే గదిలో ఇరుక్కుపోయేవన్న ఫిర్యాదులు ఆ తరువాత బలంగా వినిపించాయి. ఆ ఫిర్యాదులు ఆనాటి ఓటమికి ఎంతవరకు కారణమన్నది చరిత్రకారుల వాదన, కాని ఆ సైన్యం రాగిని వదిలి ఇత్తడి వైపు మళ్ళిన మాట నిజం. బ్రిటిష్ వారి మార్టినీ హెన్రీ తుపాకులకు మొదట పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన తొడుగులు ఉండేవి. అవి 1885లో సూడాన్‌లోని అబూ క్లియా పోరులో ఇసుక, వేడి మధ్య చిరిగి ఇరుక్కోవడంతో, ఒకే ముద్ద నుంచి సాగదీసి చేసే తొడుగుల అవసరం అందరికీ తెలిసివచ్చింది. ఇత్తడిలో ఉన్న గొప్పతనం ఏమిటంటే, కాల్పు సమయంలో అది ఒక్క క్షణం ఉబ్బి గది గోడకు గట్టిగా అతుక్కుని వెనక్కి వచ్చే వాయువును ఆపుతుంది, ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకుని సులువుగా బయటికి వస్తుంది. ఈ రెండు పనులూ చేయలేని తొడుగు ఎంత మెరిసినా పనికిరాదు.

తయారీ విధానం తెలిస్తేనే తనిఖీలో ఏం చూడాలో తెలుస్తుంది. ఇత్తడి పలక నుంచి ఒక గుండ్రని బిళ్ళను కత్తిరించి, దానిని గిన్నెలా ఒత్తి, ఆ గిన్నెను ఒకదాని తరువాత ఒకటిగా ఇరుకైన అచ్చుల గుండా లాగుతూ పొడవైన గొట్టంగా మారుస్తారు. లాగిన ప్రతిసారీ లోహం గట్టిపడుతుంది. అలా గట్టిపడినదాన్ని మళ్ళీ లాగితే చీలుతుంది కాబట్టి మధ్యమధ్యలో కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. దీనినే ఎనీలింగ్ అంటారు. పెంబర్తిలో ఇత్తడి రేకుపై సుత్తితో బొమ్మలు తేల్చే పనివారు రేకు మొండికేసినప్పుడు దానిని నిప్పుల్లో కాచి మళ్ళీ దెబ్బకు లొంగదీసుకోవడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. పూర్తయిన తొడుగులో గట్టిదనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఉండకూడదు కూడా. వాయువు ఒత్తిడి భరించే అడుగుభాగం గట్టిగా ఉండాలి, గుండును పట్టి ఉంచే మెడ, దాని కింద వాలుగా దిగే భుజం మెత్తగా ఉండాలి. అందుకే అన్నిటికన్నా చివర మెడ, భుజాలను మాత్రమే మంటలో కాస్తారు. ఆ మంట వదిలిన ఊదా, గోధుమ రంగుల చార సైనిక తూటాల మీద స్పష్టంగా కనిపిస్తుంది. మార్కెట్ సరుకులో దానిని మెరుగు పెట్టి తుడిచేయడం పరిపాటి. కొత్తగా ఈ పనిలోకి దిగినవారు ఆ చారను చూసి మరక అనుకుని చవకరకం సరుకుగా భావిస్తుంటారు. ఆ చార నిజానికి ఆ మెడను కాచారన్నదానికి కంటికి కనిపించే రుజువు.

పరిచయం లేని తొడుగుల గుట్ట చేతికి వచ్చినప్పుడు, వాటిని ఎవరు చేశారు, ఎన్నిసార్లు కాల్చారు, ఏ తుపాకీలో కాల్చారు, ఎక్కడ నిలువ ఉంచారు అన్న నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రమే అడుగున ఉన్న ముద్ర సూటిగా జవాబిస్తుంది. ఎల్‌సీ అన్న అక్షరాలు మిస్సౌరీ రాష్ట్రంలోని లేక్ సిటీ సైనిక కర్మాగారానివి, పక్కన ఉండే రెండంకెలు తయారైన సంవత్సరానివి. వలయంలో ఉన్న శిలువ గుర్తు నాటో కూటమి ప్రమాణానికి చిహ్నం. పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం ముద్ర కేఎఫ్, మహారాష్ట్రలోనే ఉన్న వరణ్‌గావ్‌ది ఓఎఫ్‌వీ. కాని ముద్ర చెప్పేది పుట్టుక ఒక్కటే. ఆ తరువాత ఆ తొడుగు ఏం అనుభవించిందో చెప్పదు. అమ్మేవారు ఒక్కసారే కాల్చినదని చెప్పే సరుకులో మూడుసార్లు నింపినవి కలిసి ఉండవచ్చు, సైనిక సరుకైతే మెషీన్‌గన్ గదుల్లో కాలినవి ఉండవచ్చు. అటువంటి గదులు ధూళిలోనూ ఆగకుండా పనిచేయడానికి కాస్త వదులుగా ఉంటాయి కాబట్టి, వాటిలో కాలిన తొడుగుల అడుగుభాగం ఎక్కువ ఉబ్బి, తిరిగి కొలతకు తేవడం కష్టమవుతుంది.

అందువల్ల అనుభవజ్ఞులు ముద్రతో మొదలుపెట్టినా ముద్రతో ఆగరు. మొట్టమొదట అయస్కాంతం తిప్పితే ఇత్తడి పూత వేసిన ఉక్కు తొడుగులు అంటుకుని వచ్చేస్తాయి, అల్యూమినియంవి రంగులోనూ బరువులోనూ తెలిసిపోతాయి. ఆ రెండూ మళ్ళీ నింపడానికి ఉద్దేశించినవి కావు. ఆ తరువాత ప్రతి తొడుగు లోపలికి వెలుతురులో తొంగిచూడాలి, ఎందుకంటే పేలని ప్రైమరు, మందు, రాళ్ళు, లోపల ఇరుక్కున్న మరో చిన్న తొడుగు, ఏదైనా ఉండవచ్చు. అదే చూపులో అడుగున ఉన్న నిప్పు రంధ్రాలు ఎన్నో కూడా తెలిసిపోతుంది. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ పద్ధతి, పక్కలకు రెండు చిన్న రంధ్రాలు ఉంటే బెర్డాన్ పద్ధతి. ఈ రెండు పద్ధతులూ 1866 ప్రాంతంలోనే పుట్టాయి. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించింది అమెరికాలో, అమెరికాకు చెందిన హైరమ్ బెర్డాన్ రూపొందించింది యూరప్ సైన్యాల్లో స్థిరపడటం చరిత్రలోని విచిత్రం. బాక్సర్ తొడుగు నుంచి వాడిన ప్రైమరును లోపలి నుంచి ఒక సూదితో నెట్టేయవచ్చు. బెర్డాన్‌లో ఆ వీలు లేదు కాబట్టి మామూలు రీలోడింగ్ పరికరాలకు అది లొంగదు. పిస్టలు తొడుగుల్లో మరో చిక్కు ఉంది. పాయింట్ 45 ఏసీపీ రకానికి ఏళ్ళ తరబడి పెద్ద ప్రైమరే ఉండేది, ఇప్పుడు చిన్న ప్రైమరుతోనూ కొన్ని వస్తున్నాయి, రెండూ ఒకే గుట్టలో కలిసిపోతాయి. కొన్ని 9 మిల్లీమీటర్ల తొడుగుల లోపల మెట్టులా ఒక అంచు ఉంటుంది. అది మందు చోటును తగ్గించి ఒత్తిడిని పెంచుతుంది, ఆ మెట్టు దగ్గరే తొడుగు తెగే ప్రమాదమూ ఉంది.

చెవి కూడా ఇక్కడ పనికివస్తుంది. గుప్పెడు తొడుగులను అరచేతుల్లో కదిలిస్తే మంచివి గలగలమని ఒకే స్వరంలో మోగుతాయి. వాటిలో ఒక్కదాని మెడ చీలి ఉన్నా ఆ మోతలో ఒక బొంగురు శబ్దం వినిపిస్తుంది. కంటికి ఆనని పగులును ఇది చాలాసార్లు పట్టిస్తుంది. అలా పట్టుబడినదాన్ని వెలుతురులో తిప్పి చూస్తే, మెడ అంచు నుంచి భుజం వైపు నిలువుగా దిగిన సన్నని గీత కనిపిస్తుంది. గోటితో దాని మీద అడ్డంగా రాస్తే గోరు తట్టుకుంటుంది.

ఆ నిలువు పగులుకు రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, పదేపదే ఉబ్బి, పదేపదే అచ్చులో నొక్కబడి మెడ గట్టిపడటం. అది వాడకం వల్ల వచ్చిన ముసలితనం. రెండోది ఒక్కసారి కూడా కాల్చని తూటాలోనూ వస్తుంది, భారతదేశపు అనుభవం ప్రపంచానికి అక్కరకు వచ్చింది ఈ విషయంలోనే. బ్రిటిష్ పాలనా కాలంలో వర్షాలు పడినన్నాళ్ళూ అశ్వికదళం కదలికలు తగ్గి, తూటాలను గుర్రపుశాలల్లో నిలువ చేసేవారు. వానలు వెలిసి పెట్టెలు తెరిస్తే తూటాల మెడలు తమంతట తామే పగిలి ఉండేవి. రుతువును బట్టి వచ్చే పగులని దానికి ఇంగ్లీషులో ఒక పేరు స్థిరపడిందే తప్ప చాలాకాలం కారణం తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దానిని విడదీసి చెప్పారు. తయారీలో లాగుడు వల్ల లోహంలో ఒక బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా గాలిలోని తేమతో కలిసి ఆ బిగువు ఉన్న చోట ఇత్తడి కణాల మధ్య సరిహద్దులను కొరుకుతుంది. బిగువు, అమోనియా, తేమ అనే మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా పగులు రాదు. నివారణ మార్గం కూడా అందులోనే దొరికింది. తయారైన తొడుగును తక్కువ వేడిలో కాసేపు కాచితే గట్టిదనం పోకుండానే లోపలి బిగువు వదులుతుంది. అటువంటి బిగువు మిగిలిందో లేదో తేల్చడానికి పాదరసపు లవణం ద్రావణంలో ముంచి చూసే పరీక్ష కర్మాగారాల్లో ప్రమాణంగా నిలిచింది. బిగువు ఉన్న ముక్క ఆ ద్రావణంలో నిమిషాల్లోనే పగులుతుంది.

గుర్రపుశాలలు పోయినా ఆ ప్రమాదం పోలేదు. మార్కెట్లో దొరికే కొన్ని ఇత్తడి మెరుగుపెట్టే ద్రవాల్లో అమోనియా ఉంటుంది. వాటితో తొడుగులను తళతళలాడేలా రుద్ది అమ్మితే కొనేవారికి ముచ్చటేస్తుంది, లోహానికి మాత్రం నష్టమే. అందువల్ల అతిగా మెరిసే పాత ఇత్తడిని చూసినప్పుడు సంతోషం కన్నా ముందు అనుమానం కలగాలి. రంగు ఇంకా ఎన్నో సంగతులు చెబుతుంది. గోధుమరంగు మసక కేవలం గాలి తగిలిన గుర్తు, దానివల్ల నష్టం లేదు. పచ్చని చిలుము పైపైనే ఉండి తుడిస్తే పోతే పరవాలేదు, కింద గుంట కనిపిస్తే ఆ తొడుగు పనికిరాదు. గులాబీ ఛాయ మచ్చలు కనిపిస్తే జాగ్రత్త పడాలి, అవి తుత్తునాగం కరిగిపోయి రాగి మాత్రం మిగిలిన చోట్లు. ఆమ్ల పదార్థాల్లో ఎక్కువసేపు నానబెట్టినా ఇలాగే అవుతుంది. అగ్నిప్రమాదంలో చిక్కుకున్న తొడుగులను మాత్రం ఎంత బాగున్నట్టు కనిపించినా తీసుకోకూడదు. వేడి అడుగు దాకా పాకి దానిని మెత్తబరిచి ఉంటుంది, ఒకసారి మెత్తబడిన అడుగును ఏ కాపుడూ తిరిగి గట్టిపరచలేదు.

పాయింట్ 308 వించెస్టర్ వంటి రైఫిల్ తూటాలో అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి అమెరికా తయారీదారుల ప్రమాణం ప్రకారం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత ఒత్తిడిని భరించే తొడుగు అడుగుకు కాస్త పైన రెండుగా తెగితే, వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవారి ముఖం వైపు తన్నుకు వస్తుంది. తనిఖీలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే లోపం ఇదే. అది ఏర్పడే తీరు ఇలా ఉంటుంది. ప్రైమరును కొట్టే సూది దెబ్బకు తూటా గదిలో ముందుకు జరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ పలుచని మెడ, ఒడలు గది గోడను పట్టుకుని కదలకుండా ఉంటాయి, దళసరి అడుగు మాత్రం గదిని వెనుక నుంచి మూసే బోల్టు దాకా జరుగుతుంది, ఆ రెండింటి నడుమ లోహం సాగి పలచబడుతుంది. తిరిగి నింపేవారు ప్రతిసారీ భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నొక్కితే ఈ సాగుడు ప్రతిసారీ పునరావృతమవుతుంది. గదులు వదులుగా ఉండే పాత లీ ఎన్‌ఫీల్డ్ తుపాకుల్లో కాలిన పాయింట్ 303 తొడుగులు తొందరగా తెగుతాయని పేరుపడటానికి కారణం ఇదే.

ఆ పలచబడిన చోట బయటి వైపు ఒక మెరిసే వలయం కనిపిస్తుంది. కాని అచ్చులో నొక్కినప్పుడు పడే గీత కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి బయటి చూపుతో తీర్పు చెప్పడం తగదు. ఇక్కడ అక్కరకు వచ్చే పరికరం ఒక సన్నని గట్టి తీగ మాత్రమే. దాని కొసను చిన్న కొక్కెంలా వంచి, మొనను పదును పెట్టి, తొడుగు లోపలికి అడుగు దాకా దించి, గోడకు ఆనించి మెల్లగా పైకి లాగాలి. గోడ ఆరోగ్యంగా ఉంటే మొన నునుపుగా జారుతూ వస్తుంది, పలచబడిన చోట గాడిలో పడి ఒక్కసారి ఆగుతుంది. ఆ ఆగడం వేలికి తెలిస్తే చాలు. అనుమానం తీరకపోతే ఆ గుట్ట నుంచి ఒక తొడుగును నిలువునా రంపంతో కోసి చూడటం మంచిది. ఒక్క తొడుగును పోగొట్టుకుంటే మిగతావాటి గోడ మందం, అడుగు దళసరి, లోపలి గాడి అన్నీ కళ్ళెదుట తేలుతాయి, ఇంత నిజం చెప్పే పరీక్ష మరొకటి లేదు.

ప్రైమర్ గుంట కూడా తొడుగు గతాన్ని దాచలేదు. కొత్త ప్రైమరును నొక్కినప్పుడు చేతికి తగినంత బిగువు తెలియాలి. సునాయాసంగా జారిపోతే, అంతకుముందు ఎవరో హద్దు మీరిన ఒత్తిడితో కాల్చడం వల్ల అడుగు విచ్చుకుందని అర్థం. సైనిక తొడుగుల్లో ప్రైమరు చుట్టూ లోహాన్ని నొక్కి బిగించే అలవాటు ఉంది. ఆ నొక్కును తీసేస్తే తొడుగు శుభ్రంగా పనిచేస్తుంది కనుక దానిని లోపంగా లెక్కించనక్కరలేదు. చాలా పాత సరుకులో పాదరసం ఉన్న ప్రైమర్లు వాడి ఉండవచ్చు. కాల్పులో విడుదలైన పాదరసం ఇత్తడితో కలిసి దానిని పెళుసుగా మారుస్తుంది, బయటికి ఏ గుర్తూ ఉండదు. అంత పాతవాటిని చూసుకుని మురిసిపోవడానికి దాచుకోవచ్చు, కాల్చడానికి కాదు.

భద్రత తేలిన తరువాతే సమానత్వం గురించి ఆలోచించాలి. గురి పోటీల్లో పాల్గొనేవారు బంతి మొన గల మైక్రోమీటరుతో మెడ మందాన్ని చుట్టూ నాలుగు చోట్ల కొలుస్తారు. అంగుళంలో వెయ్యో వంతు తేడాను మెచ్చుకుంటారు, అలాంటి వంతులు మూడు దాటితే పక్కన పెడతారు. ఒకవైపు మందం ఎక్కువైతే తయారీలో లాగే కడ్డీ నడిమధ్యన లేదని తెలుస్తుంది, ఆ వంకర మెడతో ఆగక ఒడలంతా దిగుతుంది. ఇక బరువు చూసి ఏరడం అందరూ చేసేదే అయినా, దాని విలువను అవసరానికి మించి పెంచి చెబుతుంటారు. ఇత్తడి నీటికన్నా దాదాపు ఎనిమిదిన్నర రెట్లు బరువైనది. కాబట్టి రెండు తొడుగుల మధ్య పదిహేడు గ్రెయిన్ల తేడా ఉండి అదంతా లోపలి గోడల్లోనే ఉన్నా, లోపలి చోటులో వచ్చే తేడా రెండు గ్రెయిన్ల నీటికి మాత్రమే సమానం. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. పైగా ఆ అదనపు బరువు చోటును ఏమాత్రం తగ్గించని అడుగు అంచులోనూ ఉండవచ్చు. అందుకని కచ్చితత్వం కోరేవారు కాలిన ప్రైమరు ఉన్న తొడుగును ఖాళీగా తూచి, నోటి మట్టానికి నీరు నింపి మళ్ళీ తూచి, తేడాను నమోదు చేస్తారు. సైనిక 7.62 తొడుగులు చాలావరకు మార్కెట్లో దొరికే పాయింట్ 308 తొడుగుల కన్నా దళసరి. వాటిలో చోటు తక్కువ కనుక, ఒకదానికి సరిపోయిన మందు మోతాదు రెండోదానిలో ఒత్తిడిని పెంచుతుంది. వేరువేరు ముద్రల తొడుగులను కలిపి నింపకూడదన్న నియమం వెనుక ఉన్న భౌతిక కారణం ఇదే.

ఈ తనిఖీలన్నింటిలోనూ వెలువడే నల్లటి దుమ్ములో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కునే దాకా తినకపోవడం, పిల్లలకు అందకుండా ఉంచడం తప్పనిసరి. తొడుగును తోసిపుచ్చాక మరో పని మిగిలి ఉంటుంది, దానిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. పగిలినదాన్ని, గాడి పడినదాన్ని, గుంట వదులైనదాన్ని ఊరికే పక్కన పడేస్తే అది ఎప్పుడో ఒకప్పుడు మంచి వాటిలో కలిసిపోతుంది, లేదా ఆ సంగతి తెలియని మరొకరి చేతికి చేరుతుంది. అందుకే పట్టకారుతో దాని నోటిని నొక్కి చదును చేసి, ఇక ఏ గుండూ పట్టకుండా చేసిన తరువాతే పాత ఇత్తడి డబ్బాలో వేయాలి. అక్కడి నుంచి అది తుక్కు వ్యాపారి దగ్గరికి, కొలిమికి వెళుతుంది.